గర్భము మధ్యలో పోయిన పిమ్మట: మరల గర్భధారణ, గర్భనిరోధము

నెలలు నిండకముందే గర్భము పోవుట స్త్రీకి రెండు విధముల కష్టము. దేహమునకు కలిగిన నొప్పి, రక్తనష్టము ఒకటి. మనస్సునకు కలిగిన దుఃఖము రెండవది. ఈ రెండింటిని గూర్చి ఇంటిలోని పెద్దలు కొంత ఎరుగుదురు. పథ్యము పెట్టుదురు, బరువు పనులు మాన్పింతురు, దగ్గర కూర్చుండి ఓదార్తురు. మూడవ విషయము ఒకటి కలదు. దానిని గూర్చి సాధారణముగా ఎవరును మాటలాడరు. గర్భము పోయిన స్త్రీకి మరల గర్భము ధరించు శక్తి ఎన్నాళ్లకు వచ్చును, ఆ లోపల ఆమె ఏ జాగ్రత్త తీసికొనవలెను అనునదే ఆ విషయము.

ఆసుపత్రి నుండి ఇంటికి బయలుదేరునాడు ఈ మాట చెప్పినవారు లేకపోవుటచేత, రెండు మూడు నెలలు తిరుగకముందే, ఒంట రక్తము పట్టకముందే, కోరని గర్భముతో మరల ఆసుపత్రికి వచ్చు స్త్రీలు కలరు. బిడ్డ కావలెనని కోరుచు, ఇక తమకు సంతానము కలుగదేమో యని భయపడుచు దినములు గడుపు స్త్రీలును కలరు. ఒకరికి కావలసినది రక్షణ, మరియొకరికి కావలసినది ధైర్యము. అయినను ఇద్దరును తెలిసికొనవలసిన శరీర ధర్మము ఒక్కటే.

ఇచ్చట గర్భము మధ్యలో పోవుట యనగా, దానంతట అదియే జారిపోయిన గర్భస్రావము, వైద్యుని చేత చట్టప్రకారము చేయించుకొన్న గర్భస్రావము, రెండును అని గ్రహించవలెను. కారణములు వేరైనను, తరువాత దేహము నడచుకొను తీరు రెండింటను ఒక్కటే.

ముట్టు రాకముందే

"మరల ముట్టు రానిదే కడుపు ఎట్లు వచ్చును?" అని పలువురు అందురు. చూచుటకు ఇది యుక్తియుక్తముగనే తోచును. కాని ఇది పొరపాటు. ఈ పొరపాటు వలన కలుగు నష్టము ఎక్కువ గనుక దీనిని కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

గర్భము నిలిచియున్నంత కాలము మాయ నుండి పుట్టు హార్మోనులు రక్తములో నుండును. తలలో మెదడు క్రింద నుండు పీయూష గ్రంథిని అవి నిద్రపుచ్చినట్లు ఉంచును. ఆ గ్రంథి ప్రేరేపించనిదే అండాశయములో అండము పక్వము కాదు. గర్భము పోయిన వెంటనే ఈ హార్మోనులు రక్తములో తగ్గిపోవుట ఆరంభించును. గర్భము చిన్నదైనకొలది ఈ తగ్గుదల త్వరగా పూర్తియగును. పీయూష గ్రంథి మేల్కొనును. అండాశయములో ఒక అండము పెరుగును. సుమారు రెండు వారములకు అది విడుదలయగును. కొందరిలో ఇది ఎనిమిదవ దినముననో పదవ దినముననో కూడ జరుగును.

ఇక లెక్క చూడుడు. అండము విడుదలయైన పిమ్మట గర్భము నిలువనియెడల, దాదాపు 14 దినములకు ముట్టు వచ్చును. అనగా ముట్టు అండమునకు వెనుక వచ్చునదే కాని ముందు వచ్చునది కాదు. గర్భస్రావము తరువాత మొదటి ముట్టు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములకు వచ్చును. కావున అండము రెండవ వారము మొదలు నాలుగవ వారము లోపుగనే విడుదలయై యుండును. పురుష బీజకణములు స్త్రీ దేహములో అయిదు దినముల వరకు సజీవముగా నుండగలవు. పదవ దినమున అండము విడుదలయగు స్త్రీ విషయములో ఆరవనాటి కలయిక కూడ గర్భమునకు చాలును. ఆమెకు ముట్టు కనబడదు. మరల నెల తప్పినదనియు తెలియదు. రావలసిన ముట్టు ఆలస్యమైనదని తలచుచు రెండు మూడు నెలలు గడపును.

మాత్రలతో గర్భస్రావము చేయించుకొన్న స్త్రీలు దీనిని మరింత గమనింపవలెను. వారికి రక్తపు మరకలు పది దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కనబడుచుండును. రక్తము కనబడుచుండగనే లోపల అండము పక్వమగుచుండ వచ్చును.

ప్రసవించిన స్త్రీకిని, గర్భస్రావమైన స్త్రీకిని ఇక్కడ గొప్ప భేదము కలదు. బిడ్డకు రాత్రింబగళ్లు తల్లిపాలు మాత్రమే ఇచ్చుచు, ముట్టు రాని తల్లికి మొదటి ఆరు నెలలు ప్రకృతి కొంత రక్షణ నిచ్చును. మన గ్రామములలో "పాలు తాగే బిడ్డ ఉన్నది కదా" అను మాటకు ఆ మేరకు ఆధారము కలదు. గర్భస్రావమైన స్త్రీకి ఆ రక్షణ లేదు. నాలుగవ, అయిదవ నెలలో గర్భము పోయినచో రెండు మూడు దినములకు రొమ్ములు బరువెక్కి పాలు పడుట కలదు. ముందుగా ఎవరును చెప్పకపోవుటచేత ఇది స్త్రీకి మిక్కిలి దుఃఖము కలిగించును. పాలు పితుకకుండ, బిగువైన లోదుస్తు ధరించి, చల్లని గుడ్డ వేసికొన్నచో కొద్ది దినములలో తగ్గిపోవును; నొప్పికి మాత్ర వేసికొనవచ్చును. రొమ్ము ఎర్రబడి జ్వరము వచ్చినయెడల మాత్రము డాక్టరునకు చూపవలెను. ఈ పాలు గర్భమును ఆపునవి కావు.

మూత్ర పరీక్షను గూర్చి ఒక మాట. గర్భము పోయిన తరువాత నాలుగు వారముల వరకు కూడ పాత హార్మోను కొంత మిగిలి, అంగళ్లలో అమ్ము పరీక్షా పట్టీ మీద రెండు గీతలు కనబడవచ్చును. అది క్రొత్త గర్భమని సంతోషింపను రాదు, భయపడను రాదు. నాలుగు వారములు దాటిన పిదపను రెండు గీతలే వచ్చినచో వైద్య పరీక్ష చేయించుకొనవలెను.

తప్పు ఎవరిది?

మరల గర్భము ధరించుటను గూర్చి చెప్పుటకు ముందు ఈ ప్రశ్నను తీర్చవలెను. ఏలయన దీనికి సరియైన సమాధానము లేని ఇంటిలో కోడలు తరువాతి గర్భమును భయముతోనే మోయును.

నెల తప్పినట్లు తెలిసిన గర్భములలో నూటికి పది నుండి పదునైదు వరకు వాటంతట అవియే పోవును. వాటిలో అత్యధిక భాగము మొదటి మూడు నెలలలోనే పోవును. అట్లు పోయినవాటిలో దాదాపు సగమునకు కారణము, అండమును బీజకణమును కలిసినపుడు క్రోమోసోములు సరిగా అమరకపోవుట. ఆ పిండము మొదటి నుండియు పెరుగదగినది కాదు. బస్సు ప్రయాణము చేసినందున కాని, బిందె ఎత్తినందున కాని, గ్రహణమునాడు బయటకు వచ్చినందున కాని, ఎవరి దిష్టియో తగిలినందున కాని అది పోలేదు. బొప్పాయి ముక్క తిన్నదని ఏండ్ల తరబడి కోడలిని దెప్పుచుండు ఇండ్లు ఉన్నవి. ఆ ముక్కకును ఈ నష్టమునకును సంబంధము లేదు. ఒకసారి గర్భము పోయిన స్త్రీలలో ఎక్కువ మంది తరువాతి గర్భమును నిండుగా మోసి బిడ్డను కందురు. "గొడ్రాలు" అను మాట ఈ సందర్భమున నోట రానీయరాదు.

వరుసగా రెండు మారులు, అంతకు మించియు గర్భము పోయినచో అది వేరు సంగతి. అప్పుడు భార్యాభర్తలు ఇద్దరును పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనవలెను. థైరాయిడ్ లోపము, అదుపులో లేని మధుమేహము, గర్భాశయములో పుట్టుకతో ఏర్పడిన అడ్డుపొర, రక్తము గడ్డకట్టుటకు సంబంధించిన కొన్ని దోషములు, అయిదవ ఆరవ నెలలలో గర్భాశయ ద్వారము వదులగుట మొదలగునవి కనిపెట్టదగినవి. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. కారణము ఏమియు దొరకని దంపతులును ఉందురు. వారికి కూడ తరువాతి గర్భము నిలుచుటకే అవకాశము ఎక్కువ.

సురక్షితముగ, శిక్షణ పొందిన వైద్యుని చేత చేయించుకొన్న గర్భస్రావము వలన మునుముందు సంతానము కలుగకపోవుట యనునది లేదు. నాటుమందుల వలన, పుల్లలు చొప్పించుట వలన, అర్హత లేనివారి చేతి పని వలన లోపల చీము పట్టి అండవాహికలు మూసికొనిపోవుటయే సంతానహీనతకు దారితీయును. ఇదియే స్త్రీలు ప్రాణములు కోల్పోవుటకును కారణమైనది. దీనిని మాన్పుటకే 1971లో గర్భస్రావపు వైద్య చట్టము చేయబడి 1972లో అమలులోనికి వచ్చినది. 2021 సవరణ ప్రకారము 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయముతోను, చట్టములో చెప్పిన కొన్ని తరగతుల స్త్రీలకు 24 వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయముతోను గర్భస్రావము చేయవచ్చును. గర్భనిరోధ పద్ధతి విఫలమగుటను గూర్చి పూర్వము "వివాహిత స్త్రీ, ఆమె భర్త" అని యుండిన చోట, ఆ సవరణ "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చినది. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన అంగీకారము ఒక్కటియే చాలును. భర్త సంతకము అవసరము లేదు. ఆమె పేరును వెల్లడించుట నేరము.

ఎంత కాలము ఆగవలెను?

ఈ ప్రశ్నకు పెద్దలు చెప్పు సమాధానములు పలు విధములు. వైద్యులు చెప్పునదియు కాలక్రమమున కొంత మారినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో జరిపిన నిపుణుల సమావేశము, గర్భస్రావము తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము ఆరు నెలలు ఆగుట మంచిదని సలహా ఇచ్చినది. ఆ సలహాకు ప్రధానమైన ఆధారము లాటిన్ అమెరికా దేశముల ఆసుపత్రి రికార్డులు. మన దేశపు కుటుంబ సంక్షేమ కార్యక్రమములో నేటికిని చెప్పబడునది ఆరు నెలలే. అటుపిమ్మట 2010లో స్కాట్లండునందును, 2022లో నార్వేయందును ప్రకటింపబడిన పెద్ద పరిశీలనలలో, ఆరు నెలలకు ముందే గర్భము ధరించిన స్త్రీలకును, వారి బిడ్డలకును అందువలన అధికమైన కీడు కనబడలేదు.

ఇందు వైరుధ్యము ఉన్నట్లు తోచును గాని, ఆలోచించినచో ఒక తేడా కనబడును. స్కాట్లండు స్త్రీయు, మన పల్లెలో నాట్లు వేయు స్త్రీయు గర్భస్రావమునాటికి ఒకే రక్తబలముతో నుండరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అట్టి స్త్రీ గర్భస్రావములో మరికొంత రక్తము పోగొట్టుకొనును. ఆమెకు ఆరు నెలలు వట్టి నిరీక్షణ కాదు; ఇనుము మాత్రలు వేసికొని, ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, వీలైనవారు మాంసము తిని, పోయిన రక్తమును తిరిగి సంపాదించుకొను కాలము. మాత్రను కాఫీ టీలతో పాటు మ్రింగినచో ఇనుము ఒంటికి పట్టదు, నిమ్మరసముతో మేలు.

కావున, రక్తహీనత గలవారు, ఎక్కువ రక్తము పోయినవారు, చీము పట్టి జ్వరపడినవారు, నాలుగవ నెల దాటిన పిమ్మట గర్భము పోయినవారు ఆరు నెలలు ఆగుట యుక్తము. ఆరోగ్యవంతురాలై, వయస్సు ముప్పది అయిదు దాటి, బిడ్డ కొరకు ఆతురపడు స్త్రీ వైద్యుని సలహాతో అంతకు ముందే ప్రయత్నింపవచ్చును. ఆరు నెలలకు ముందే గర్భము నిలిచినదని ఎవ్వరును దిగులుపడి దానిని తీయించుకొనవలసిన పని లేదు. ఎన్నడు ప్రయత్నించినను, అంతకు ఒక నెల ముందు నుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్ర మొదలుపెట్టి మూడవ నెల వరకు కొనసాగింపవలెను. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడు తొలి వారములలో ఇది పనిచేయును. నెల తప్పినట్లు తెలియునప్పటికి ఆ వారములు కొన్ని గడచిపోయి యుండును గనుక ముందే వేసికొనవలెను.

రెండు సందర్భములలో మాత్రము వైద్యుడు చెప్పిన గడువును తప్పక పాటింపవలెను. గర్భాశయము వెలుపల, అండవాహికలో నిలిచిన గర్భమునకు మెథోట్రెక్సేట్ సూదిమందు ఇచ్చినయెడల, ఆ మందు తరువాతి పిండమునకు హాని చేయగలదు. సామాన్యముగ మూడు నెలలు గర్భము రాకుండ చూచుకొనవలెను. ఇట్టి గర్భము ఒకసారి వచ్చినవారికి మరల వచ్చు అవకాశము ఇతరులకంటె ఎక్కువ గనుక, తరువాత నెల తప్పిన వెంటనే స్కానింగు చేయించుకొని గర్భము ఎచ్చట నున్నదో చూపించుకొనవలెను. రెండవది, పిండము సరిగా ఏర్పడక, మాయ మాత్రము ద్రాక్షగుత్తివలె బుడగలు బుడగలుగా పెరుగు గర్భము. ముత్యాల గర్భమని కొందరందురు. దీనిని తొలగించిన పిమ్మట లోపల మిగిలిన కణములు మరల పెరుగుచున్నవేమో రక్తపరీక్షలో హార్మోను కొలిచి తెలిసికొందురు. ఆ మధ్య క్రొత్త గర్భము వచ్చినచో హార్మోను దానివలన పెరిగినదో, వ్యాధివలన పెరిగినదో తెలియదు. వైద్యుడు ఇక చాలునని చెప్పునంతవరకు, అనగా సాధారణముగా ఆరు నెలలు, గర్భనిరోధము పాటించుట ఇందువలననే.

ఏ పద్ధతి ఎప్పుడు

కుటుంబ నియంత్రణ కార్యక్రమమును 1952లో జాతీయ స్థాయిని ఆరంభించిన తొలి దేశము మనదే. నాటికిని నేటికిని దొరకు పద్ధతులలో చాల వ్యత్యాసము కలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇవి ఉచితముగా లభించును. గర్భస్రావము తరువాత వీనిలో దాదాపు అన్నియు ఆలస్యము లేకుండ ఆరంభింపవచ్చును. కాని అందరికిని ఒకే పద్ధతి తగదు. త్వరలో బిడ్డ కావలెనా, కొన్ని ఏండ్ల తరువాతనా, ఇక వద్దా అనునది ముందుగా తేల్చుకొనవలెను.

కొన్ని ఏండ్లు సంతానము వద్దనువారికి కాపర్-టీ మిక్కిలి అనుకూలము. శస్త్రపద్ధతిని గర్భాశయమును శుభ్రపరచిన వెంటనే, అదే బల్లమీద దానిని అమర్చవచ్చును; కానిచో 12 దినముల లోపల అమర్చవచ్చును. మాత్రలతో గర్భస్రావమైనవారికి, దాదాపు 15వ దినమున మరల పరీక్షించి, లోపల ఏమియు మిగులలేదని నిశ్చయించుకొన్న పిమ్మట అమర్చుదురు. 380-ఏ రకము పదేండ్లు, 375 రకము అయిదేండ్లు పనిచేయును. వద్దనుకొన్ననాడు తీయించుకొన్నచో గర్భధారణ శక్తి వెంటనే వచ్చును. అది కడుపులో పైకి ప్రాకి గుండెకు చేరునను వదంతి నిరాధారము. చీము పట్టిన గర్భస్రావమైనచో మాత్రము, ఆ వ్యాధి పూర్తిగా నయమగువరకు దీనిని అమర్చరాదు. మొదటి నెలలలో ముట్టు కొంత అధికముగా పోవచ్చును గనుక రక్తము చాల తక్కువగా నున్నవారు వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను.

ఆరు నెలలో ఏడాదియో ఆగి బిడ్డను కనదలచినవారికి మాత్రలు తగినవి. మాలా-ఎన్ మాత్ర దినమున కొకటి. చీటీలో 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు ఉండును. గర్భస్రావమైననాడే మొదలుపెట్టవచ్చును, ఏడు దినముల లోపల మొదలుపెట్టినచో వేరు రక్షణ అక్కరలేదు. రక్తపు పోటు ఎక్కువగా నున్నవారు, కాలేయ వ్యాధి గలవారు, కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టినవారు, కన్నుల ఎదుట మెరుపులు కనబడు పార్శ్వపు తలనొప్పి గలవారు, 35 ఏండ్లు దాటి పొగ త్రాగువారు ఈ మాత్ర వాడరాదు. చుట్ట అడ్డపొగ త్రాగు అలవాటు మన కోస్తా జిల్లాల స్త్రీలలో కొందరికి ఉన్నది. డాక్టరు అడిగినపుడు సిగ్గుపడి దాచరాదు. వీరికి ఛాయా మాత్ర యుండనే యున్నది. ఇది లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థలో కనుగొనబడిన మన దేశపు మందు. ఇందు హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, తరువాత వారమునకు ఒకటి వేసికొనవలెను. మరచిపోకుండుటకు వారములో రెండు దినములు, ఉదాహరణమునకు సోమ గురువారములు, నిర్ణయించుకొనుట మేలు. దీనివలన ముట్టు కొన్ని దినములు వెనుకకు జరుగవచ్చును.

అంతరా అను సూదిమందు మూడు నెలలకు ఒకటి. మాత్ర జ్ఞాపకముండనివారికి, వాడకము ఇంటిలో తెలియరాదని కోరువారికి ఇది సౌకర్యము. దీనిని ఎన్నుకొనునపుడు ఒక విషయము తెలిసి యుండవలెను. ఇది మానిన పిమ్మట గర్భధారణ శక్తి తిరిగి వచ్చుటకు కడపటి సూది నుండి ఏడు మొదలు పది నెలలు పట్టును. శాశ్వతముగ శక్తి పోదు, ఆలస్యమగును. కావున ఆరు నెలలు తిరుగగనే బిడ్డ కావలెనను స్త్రీకి దీనిని ఇచ్చుట తగదు. ఆమెకు ఈ సంగతి చెప్పక సూది వేసినచో, ఎదురుచూచిన ప్రతి నెలయు ఆమెకు మరియొక గర్భస్రావమైనంత దిగులు కలిగించును.

నిరోధ్ భర్త వాడవలసినది. కలయిక మొదలైన నాటి నుండియే వాడవచ్చును. రోగములు అంటకుండ కాపాడునది ఇది ఒక్కటియే. అయితే ప్రతి పర్యాయము, మొదటి నుండి తుది వరకు వాడిననే ఫలము. అది చినిగినచో, వాడుట తప్పినచో, 72 గంటలలోగా వేసికొను అత్యవసర మాత్ర ఆశా కార్యకర్త వద్దను, ఆరోగ్య కేంద్రమునను దొరకును. ముట్టు దినములు లెక్కించి "క్షేమ దినములు" పాటించు పద్ధతి మాత్రము ఇప్పుడు పనికిరాదు. లెక్కించుటకు క్రమమైన ముట్టు ఇంకను రాలేదు కదా.

ఇక శాశ్వత పద్ధతి. గర్భస్రావము చేయునపుడే గాని, ఏడు దినముల లోపల గాని కు.ని. ఆపరేషను చేయవచ్చును. దుఃఖములో, నొప్పిలో, రక్తస్రావపు భయములో ఉన్న స్త్రీ "ఇక నాకు వద్దు, ఆపరేషను చేసివేయుడు" అనుట కలదు. ముందుగనే ఆలోచించి నిర్ణయించుకొన్నదైనచో సరే. ఆ ఘడియలో పుట్టిన మాటయైనచో నర్సు గాని, తోడు వచ్చిన తల్లి గాని, అత్తగారు గాని ఆమెను తొందరపెట్టరాదు. అప్పటికి మరియొక పద్ధతి ఇచ్చి, నెల దాటిన పిమ్మట మరల అడుగవచ్చును. పురుషునికి చేయు ఆపరేషను దీనికంటె చిన్నది, తేలికయైనది. కోత కూడ లేకుండ చేయుదురు. భార్య ఒకమారు రక్తము పోగొట్టుకొని మంచమున నుండగా మరల ఆమెనే బల్ల ఎక్కించుటకంటె భర్త ముందుకు వచ్చుట న్యాయము. అయితే ఆపరేషనైన మూడు నెలల వరకు అతని వీర్యములో బీజకణములు ఉండవచ్చును. అంతవరకు వేరు రక్షణ ఉండవలెను. పిమ్మట పరీక్ష చేయించి నిశ్చయించుకొనవలెను.

గర్భనిరోధ పద్ధతి ఒప్పుకొన్ననే గర్భస్రావము చేయుదుమని ఏ ఆసుపత్రియు షరతు పెట్టరాదు. ఏదియు వద్దని ఇంటికి వెళ్లు హక్కు స్త్రీకి కలదు. ఆమెకు సమాచారము మాత్రము చెప్పి పంపవలెను.

ఇంటికి వచ్చిన పిమ్మట

రక్తస్రావము ఆగువరకు, ఆమె మనస్సు ఒప్పువరకు భార్యాభర్తల కలయిక మానుట మంచిది. గంటకు రెండు గుడ్డలు నిండుగా తడియుచు రెండు గంటలు గడచినను, జ్వరము వచ్చినను, దుర్వాసనతో కూడిన స్రావము కనబడినను, కడుపులో నొప్పి పెరుగుచున్నను, కళ్లు తిరిగి పడిపోయినను, తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. రక్తపు గ్రూపు నెగెటివు అయిన స్త్రీ, ముఖ్యముగ మూడు నెలలు దాటిన గర్భము పోయినచో, 72 గంటల లోపల ఆంటీ-డి సూదిమందును గూర్చి డాక్టరును అడుగవలెను. ఇది ఇప్పటి గర్భమునకు కాదు. రాబోవు బిడ్డకు రక్తదోషము తగులకుండ ముందుగా వేయు మందు.

కొన్ని వారములైనను నిద్ర పట్టక, ఆకలి లేక, బిడ్డలను చూచినప్పుడెల్ల ఏడ్పు వచ్చుచున్నచో అది బలహీనత యనియు, నాటకమనియు కొట్టివేయరాదు. 2022లో ఆరంభమైన టెలి-మానస్ సంఖ్య 14416కు పగలైనను రాత్రియైనను ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. భర్తకు కూడ ఆ దుఃఖము ఉండునని పలువురు మరతురు.

ఉద్యోగము చేయు స్త్రీకి గర్భస్రావమైన మరునాటి నుండి ఆరు వారముల సెలవు, జీతముతో, చట్టము ఇచ్చినది. 1961 ప్రసూతి సౌకర్యముల చట్టము నుండి వచ్చిన ఈ హక్కు 2020 సామాజిక భద్రతా స్మృతిలోను కలదు. కర్మాగారములలోను, దుకాణములలోను పనిచేయువారిలో అనేకులకు ఇది తెలియదు. సెలవు కొరకు ఆసుపత్రి ఇచ్చిన చీటీని చూపవలసి యుండును. ఆ చీటీలో గర్భము ఎన్ని వారములదో, ఏ తేదీని పోయినదో, రక్తపు గ్రూపు ఏమో, హీమోగ్లోబిన్ ఎంతో, ఏ గర్భనిరోధ పద్ధతి ఏనాడు ఇచ్చిరో వ్రాయించుకొని, ఇంటిలో రేషను కార్డు పెట్టిన చోటనే భద్రపరచవలెను. మరల గర్భము ధరించి మొదటి పరీక్షకు వెళ్లినపుడు డాక్టరు అన్నింటికంటె ముందు అడుగునది ఆ చీటీయే.